పక్కింట్లో గుండె

మా స్కూల్లో చదివిన పిల్లలంతా జీవితంలో మొదటిసారి స్టెతస్కోపు పెట్టి విన్న గుండె ఒక్కటే. అది మా ల్యాబ్ అటెండరుది. ఇరవై రెండేళ్ళుగా నేను సైన్సు చెబుతున్నాను. ఇరవై రెండేళ్ళుగా ఆయన ఏడాదికోసారి చొక్కా పై గుండీలు రెండు విప్పుకుని స్టూలు మీద కూర్చుంటున్నాడు. ఎనిమిదో తరగతి పిల్లల్ని ఒకరి గుండె ఒకర్ని వినమంటే ఆ గంటంతా కిచకిచలతోనే సరిపోతుంది. అందుకని నేను చేరిన కొత్తలోనే, "మీరు కూర్చోండి" అన్నాను. ఆయన కూర్చున్నాడు. అంతే, అది ఆయన ఉద్యోగంలో భాగమైపోయింది.

ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ ఎముకల బాబాయి. ల్యాబ్‌లో గాజు బీరువాలో నిలబెట్టిన ప్లాస్టిక్ అస్థిపంజరం ఒకటుంది. దాని కీళ్ళు వదులైతే తీగ బిగించడం, పుర్రె మీద దుమ్ము తుడవడం, ఎవరైనా దాని వేళ్ళ మధ్య చాక్‌పీసు ఇరికిస్తే తీసెయ్యడం ఆయన పని. కొత్తగా వచ్చిన పిల్లలకి దాన్ని తనే పరిచయం చేస్తాడు. "ఈయన నాకంటే సీనియర్. డబ్బాలో తెచ్చుకున్నది తినకుండా ఆటలకి పోయేవాడు. చూశారుగా, ఏమయ్యాడో!" అంటాడు. పిల్లలు పడీపడీ నవ్వుతారు. ప్రతి ఏడాదీ అదే మాట, ప్రతి ఏడాదీ అదే నవ్వు.

అస్థిపంజరం పక్కన మొండెం బొమ్మ ఉంటుంది. దాని ఛాతీ మూతలా ఊడొస్తుంది. లోపల గుండె, ఊపిరితిత్తులు, కాలేయం, పేగులు ఏ ముక్కకి ఆ ముక్క బయటికి తీసి మళ్ళీ పెట్టొచ్చు. పీరియడ్ అయ్యేసరికి పిల్లలు దాన్ని పీకి పాకం పెడతారు. ఒకసారి ఒక మూత్రపిండం ఎవరి జేబులోనో పడి వాళ్ళింటికి వెళ్ళి, మర్నాడు తిరిగొచ్చింది. బాబాయి రోజూ సాయంత్రం ఆ బొమ్మకి ఎదురుగా నిలబడి, ఒక్కొక్క ముక్కనీ గుడ్డతో తుడిచి, దాని చోట్లో దాన్ని పెట్టి, మూత వేసి గానీ ఇంటికి వెళ్ళడు. కళ్ళు మూసుకుని కూడా అమర్చగలడు.

ఇక నా సంగతి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నా వెనకాల పిల్లలు నన్ను ఎర్ర పెన్ను టీచర్ అంటారని నాకు తెలుసు. రికార్డు పుస్తకంలో తప్పు కనబడితే పేజీ అడ్డంగా గీత కొట్టి, కింద "మళ్ళీ చేయి" అని రాస్తాను. పిల్లలు సైన్సు నేర్చుకునేది అలాగేనని గట్టిగా నమ్మాను. అందుకు నాకు కొంచెం గర్వం కూడా ఉండేది, దాచడమెందుకు.

ఈ ఏడాది స్కూల్లో సైన్సు ఎగ్జిబిషన్ పెట్టారు. మా తరగతిలో సగంమంది మానవ శరీరం చేస్తామన్నారు, సగంమంది అంతరిక్షం చేస్తామన్నారు. ఉన్నది ఒక్క హాలు. హెడ్మిస్ట్రెస్ గారు రెండూ కలిపెయ్యమన్నారు. సరే, మనిషి అంతరిక్షంలోకి వెళితే అతని ఒంటికి ఏమవుతుందో చూపిద్దామని కూర్చుని ఆలోచించాం. అక్కడ బరువు తెలియదు కాబట్టి నెత్తురు కాళ్ళ నుంచి తల వైపు జరుగుతుంది, మొహం ఉబ్బుతుంది, వెన్నెముక కాస్త సాగుతుంది, గుండెకి పని తగ్గి బద్ధకం వస్తుంది. ఇదంతా చూపించడానికి ఒక మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, కాళ్ళు ఎత్తి స్టూలు మీద పెట్టి, నాడి లెక్కపెట్టి, గుండె వినాలి. వ్యోమగామి ఎవరు అని నేను అడగలేదు. పిల్లలు అప్పటికే పాత రెయిన్‌కోటుకి వెండి కాగితం అంటించి బాబాయికి కొలతలు చూస్తున్నారు.

"చందమామ మీదికా, ఇంకా పైకా?" అని అడిగాడాయన.

"ఎంత దూరమైనా పరవాలేదు బాబాయ్, బెల్లు కొట్టేలోపు వచ్చెయ్యాలి" అన్నారు వీళ్ళు.

ఈ వ్యోమగామికి డాక్టరు మా తరగతిలో ఒక పిల్ల. ఆ పిల్లని అందరూ 'ఎందుకు' అని పిలుస్తారు. నోరు తెరిస్తే ఆ మాటే. నెత్తురు ఎర్రగా ఎందుకుంది, ఆకాశం రాత్రి నల్లగా ఎందుకుంది, మనం పడుకున్నా గుండె ఎందుకు పడుకోదు. చెవిలో జోరీగలా వదిలిపెట్టదు. నా నోట "కూర్చో" అన్న మాట ఆ పిల్ల విన్నన్నిసార్లు ఇంకెవరూ విని ఉండరు.

ఎగ్జిబిషన్ ముందురోజు బాబాయి ఆలస్యంగా వచ్చాడు. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ ఆయన ఆలస్యంగా రావడం చూడలేదు. మొహం వాడిపోయి ఉంది.

"ఏమైంది బాబాయ్?" అన్నాను.

"నిన్న సాయంత్రం నుంచి కడుపులో నొప్పి టీచరమ్మా. ముందు బొడ్డు చుట్టూ ఉండేది. ఇప్పుడు కిందికి దిగి ఇక్కడ కూర్చుంది" అని ఎడమవైపు పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకున్నాడు. "క్లినిక్‌కి వెళ్ళొచ్చా. డాక్టరు నొక్కి చూశాడు. కుడిపక్క అయితే భయపడాలిగానీ ఎడమపక్క కాబట్టి ఏం లేదు, గ్యాస్ అన్నాడు. మాత్రలిచ్చాడు."

"మరి ఇంటికెళ్ళి పడుకోండి."

"రేపు అంతరిక్షానికి వెళ్ళాల్సినవాణ్ణి, ఈ రోజు సెలవు పెడితే ఎలాగమ్మా?" అని నవ్వబోయి ఆగిపోయాడు. నవ్వితే కూడా లాగుతున్నట్టుంది. గ్యాస్ అని డాక్టరే అన్నాడు కదా, నేను మళ్ళీ అడగలేదు.

పదకొండింటికి రిహార్సల్ మొదలైంది. బాబాయి వెండి కోటు తొడుక్కుని బల్ల మీద పడుకున్నాడు. కాళ్ళు స్టూలు మీద పెట్టాక ఎడమ మోకాలు మడిచే ఉంచాడు. పిల్లలు చాపమంటే, "చాపితే ప్రాణం పోతోంది తల్లీ, వ్యోమగామికి ఈ కాలు ఇలాగే ఉంటుందని చెప్పండి" అన్నాడు. 'ఎందుకు' మెడలో కొత్త స్టెతస్కోపు ఉంది. పాతదాని రబ్బరు గొట్టం చీలిపోయిందని, పిల్లలకి సరిగా వినబడటంలేదని ప్రతి ఏడాదీ నేను గోల పెడితే చివరికి ఈ ఏడాది కొన్నారు. ఆ పిల్ల దాన్ని బాబాయి ఛాతీకి ఎడమవైపు ఆనించి, కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నది.

"టీచర్, సరిగా వినబడట్లేదు."

"వినబడకపోవడమేంటి? కొత్తది కదా!"

"వినబడుతోందిగానీ దూరంగా ఉంది టీచర్. బాబాయి గుండె పక్కింట్లో కొట్టుకుంటున్నట్టుంది."

తరగతి మొత్తం గొల్లుమంది. బాబాయి కూడా కళ్ళతో నవ్వాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. రేపు జనం వస్తారు, పెద్దవాళ్ళు వస్తారు, వీళ్ళకి ఇంకా వేళాకోళమే. స్టెతస్కోపు లాక్కుని నా చెవుల్లో పెట్టుకున్నాను. ఎడమవైపు ఆనించాను. నిజం చెప్పాలంటే నాకూ మసకమసగ్గానే వినబడింది. కానీ అక్కడ గుండె ఉంటుందని నాకు తెలుసు. తెలుసు కాబట్టి, "స్పష్టంగా వినబడుతోంది! పెట్టడం రాకపోతే నేర్చుకో" అని కసిరాను. ఆ పిల్ల స్టెతస్కోపు తిరిగి తీసుకుని మెడలో వేసుకుంది. బాబాయి ఏదో చెప్పబోయి నా మొహం చూసి ఊరుకున్నాడు.

భోజనాల తర్వాత ఆకాశం పని చూద్దామని మళ్ళీ హాల్లోకి చేరాం, బాబాయి కూడా వచ్చి ఒక కుర్చీలో కూర్చున్నాడు. మా ఆకాశం ఒక పెద్ద నల్ల గొడుగు. గేటు దగ్గర వాచ్‌మన్ ఎండకి వేసుకునే పాత గొడుగు అది. నక్షత్రపటం దాని బట్ట మీద పరిచి, ఎక్కడ చుక్క ఉంటే అక్కడ సూదితో కన్నం పొడిచారు. నాలుగు వందల పైచిలుకు కన్నాలు. పదిరోజుల పని. అంచు చుట్టూ నల్ల తెర కట్టి, లోపల ఇద్దరు ముగ్గురు తలలు దూర్చి పైకి చూస్తే కన్నాల్లోంచి వెలుగు పడి చుక్కలు మెరుస్తాయి. మొదటిసారి గొడుగు తెరిచినప్పుడు నేను కూడా చిన్నపిల్లలా ఆహా అన్నాను.

'ఎందుకు' లోపలికి దూరి, పటం చేత్తో పట్టుకుని, మళ్ళీ మొదలుపెట్టింది. "టీచర్, సప్తర్షుల తోక పటంలో అటుంటే ఇక్కడ ఇటెందుకు ఉంది?"

"సరిగ్గా చూడు" అన్నాను అలవాటుగా.

"చూశాను టీచర్. అన్నీ ఇటువి అటు ఉన్నాయి."

నేనూ తల దూర్చాను. ఒక్క నిమిషంలో నాకు సంగతి అర్థమైంది. నక్షత్రపటం కింద నుంచి పైకి చూసేవాళ్ళ కోసం గీసింది. మేం దాన్ని గొడుగు పైన పరిచి పొడిచాం. లోపల నిలబడినవాడికి ఆకాశమంతా అద్దంలో చూసినట్టు తిరగబడింది. తూర్పు పడమరయింది, పడమర తూర్పయింది. పదిరోజులు పక్కనే నిలబడి పొడిపించింది నేను! రేపు పొద్దున్న ఎగ్జిబిషన్.  పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకరిద్దరు ఏడుపు మొదలుపెట్టారు.

బాబాయి కుర్చీలోంచి లేవకుండానే, "చొక్కా తిరగేసి తొడుక్కుంటే జేబు ఎటొస్తుందర్రా?" అని అడిగాడు.

"అవతలి పక్కకి వెళ్ళిపోతుంది" అన్నారు.

"మరింకేం? గొడుగు చొక్కా కూడా తిరగేద్దాం. పైది లోపలికి, లోపలిది పైకి. చుక్కలన్నీ వాటంతటవే సర్దుకుంటాయి."

ఆయన భార్యకి టైలరింగ్ షాపుంది. మేమంతా పిన్ని అంటాం. బట్ట సంగతులు ఆయనకి అక్కడే ఒంటబట్టాయి. ఒక్క కన్నం కూడా కొత్తగా పొడవక్కర్లేదని అర్థమై నాకు ఆయనకి దణ్ణం పెట్టాలనిపించింది. ఆయన గొడుగుని ఒళ్ళో పెట్టుకుని, చువ్వల దగ్గర కుట్లు ఒక్కొక్కటే బ్లేడుతో విప్పి, బట్టని తిరగేసి, మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాడు. ఎనిమిది చువ్వల్లో అయిదు అయ్యాయి. ఆరోదాని దగ్గర సూది జారి కింద పడింది. తీయడానికి వంగినవాడు లేవలేదు. పక్కకి ఒరిగి, అక్కడే వాంతి చేసుకున్నాడు.

 పెద్ద పిల్లలు ఇద్దరు పట్టుకుని పొద్దున్నటి బల్ల మీదే పడుకోబెట్టారు. నుదురు ముట్టుకుంటే కాలిపోతోంది. ఎడమ మోకాలు కడుపు దగ్గరికి ముడుచుకుని, పళ్ళు బిగబట్టి మూలుగుతున్నాడు. వ్యాను డ్రైవరు కోసం మనిషిని పంపి, నేను నీళ్ళ గ్లాసు తెచ్చేసరికి 'ఎందుకు' ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. స్టెతస్కోపు చెవుల్లో ఉంది. చేత్తో దాని బిళ్ళని ఆయన ఛాతీ మీద మెల్లగా జరుపుతోంది. ఇదా సమయం అని అరవబోయాను.

"ఇక్కడుంది టీచర్!" ఆ పిల్ల గొంతు కీచుగా వచ్చింది. "పక్కిల్లు దొరికింది! ఇదిగో, ఇక్కడ గట్టిగా కొట్టుకుంటోంది!"

బిళ్ళ ఆయన ఛాతీకి కుడివైపు ఉంది.

స్టెతస్కోపు తీసుకుని నేను విన్నాను. ఈసారి తెలిసినదాన్ని పక్కన పెట్టి, ఉన్నదాన్ని విన్నాను. లబ్ డబ్, లబ్ డబ్. చెవి పక్కన తలుపు బాదుతున్నంత గట్టిగా ఉంది. ఎడమకి జరిపితే మసకబారింది. మళ్ళీ కుడికి తెస్తే గట్టిగా ఉంది.  ఇరవై రెండేళ్ళు నేను చూపించిన చోట ఆ గుండె లేదు.

"బాబాయి కూడా లోపల చొక్కా తిరగేసుకున్నాడు టీచర్" అంది 'ఎందుకు'. తర్వాత ఆ పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. "గుండె ఇటుంటే కాలేయం అటుంటుందా? మరి అపెండిక్స్ కూడా అటే ఉంటుంది కదా? మీరే చెప్పారుగా, నొప్పి బొడ్డు దగ్గర మొదలై కిందికి దిగుతుందని! కుడిపక్క అన్నారు. కానీ బాబాయికి కుడిది ఎడమకి వచ్చేసింది కదా!"

నేను చెప్పిన పాఠమే. నేనే చెప్పాను, పరీక్షలో కూడా అడిగాను. పొద్దున్న ఆయన నా ఎదురుగా నిలబడి బొడ్డు చుట్టూ మొదలైందని చెప్పినప్పుడు నా బుర్రకి తట్టలేదు. ఎడమపక్క అనగానే వినడం మానేశాను.

స్కూలు వ్యానులో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. 'ఎందుకు' కూడా వ్యాను ఎక్కి కూర్చుంది. దిగమని చెప్పే తెలివి నాకు అప్పుడు లేదు. దారిలో ప్రతి గతుకుకీ బాబాయి నా చెయ్యి నలిపేశాడు. ఆయన చేతికి అంత బలం ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

ఎమర్జెన్సీలో ఉన్న డాక్టరమ్మ కడుపు నొక్కి చూసింది. నేను చెప్పింది సగం విని చెయ్యి అడ్డం పెట్టింది. "ఎడమపక్క నొప్పికి అపెండిక్స్ అంటారేంటండీ? అది కుడిపక్క ఉంటుంది. మీరు సైన్సు టీచరే కదా?"

ఆ గొంతు నాకు బాగా తెలుసు. అది నా గొంతే. చెంప ఛెళ్ళుమన్నట్టయింది.

"అది కాదు డాక్టరుగారూ, ఈయన గుండె కుడివైపు ఉంది."

"గుండె కుడివైపు ఏంటి? ముందు ఎక్స్-రే తీయించండి."

ఎక్స్-రే తీసిన అతను బయటికొచ్చి, "సారీ, బొమ్మ తిరగబడినట్టుంది, మళ్ళీ తీస్తాను" అన్నాడు. రెండోసారి కూడా అలాగే వచ్చింది. మూడోసారి తీస్తానంటే నాకు ఏడుపూ కోపం కలిసి వచ్చాయి. "తిరగబడింది బొమ్మ కాదు బాబూ!" అని వార్డంతా వినబడేలా అరిచాను. అప్పుడు 'ఎందుకు' డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని, "ఒక్కసారి కుడిపక్క పెట్టి వినండి మేడమ్. ఒక్కసారే" అంది. ఆవిడ విసుగ్గానే స్టెతస్కోపు తీసింది. కుడిపక్క పెట్టింది. ఆవిడ మొహంలో విసుగు పోయింది, రంగు కూడా పోయింది. ఆవిడ స్కానింగు గది వైపు పరుగెత్తింది.

స్కానింగులో తేలింది. ఛాతీలో, కడుపులో ఉన్నవన్నీ ఇటువి అటు ఉన్నాయి. పుట్టుకతోనే అలా ఉన్నాడట. వాటివల్ల ఏ ఇబ్బందీ లేదు. ఎడమవైపు అపెండిక్స్ మాత్రం వాచి పగలడానికి సిద్ధంగా ఉంది. ఇంకో రెండు మూడు గంటలు గ్యాస్ మాత్రలతో గడిపి ఉంటే మనిషి దక్కడం కష్టమయ్యేదని ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ చెప్పింది. చెప్పి, 'ఎందుకు' తల నిమిరింది. 

పిన్ని షాపు మూసి అప్పటికి వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. విషయమంతా చెబితే ఆవిడకి ఆశ్చర్యం దేనికి వచ్చిందో తెలుసా? ఆయనకి కుడిపక్క ఉన్నందుకు కాదు. "మిగతావాళ్ళకి ఎడమపక్కా?" అంది నోరు తెరిచి. "ముప్పై ఏళ్ళ కాపురం. రోజూ ఆయన కుడిపక్క తల పెట్టుకుని నిద్రపోతాను. అక్కడే వినబడుతుంది. మగాళ్ళందరికీ అంతేననుకున్నాను టీచర్."

ఎగ్జిబిషన్ వారం వాయిదా పడింది. మూడోరోజు చూడటానికి వెళితే బాబాయి దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. పిన్ని ఆయన మంచం పక్కన కూర్చుని మా గొడుక్కి మిగిలిన మూడు చువ్వలూ కుడుతోంది. నేను పొద్దున్నుంచి మనసులో నలుగుతున్న మాట అడిగేశాను.

"రోజూ ఆ బొమ్మ గుండె మీ చేత్తోనే పెడతారు కదా బాబాయ్. ఒక్కసారైనా అనుమానం రాలేదా?"

"ఎందుకొస్తుందమ్మా? దానికి ఎదురుగా నిలబడతాను. దాని గుండె ఇటుంటుంది, నాదీ ఇటే" అని కుడిచెయ్యి ముందుకి చాపి, తర్వాత తన ఛాతీకి కుడివైపు పెట్టుకున్నాడు. "అద్దం ముందు నిలబడ్డట్టు సరిగ్గా సరిపోయేది."

"నేను ఎడమ, ఎడమ అని నెత్తీ నోరూ కొట్టుకునేదాన్ని కదా!"

"మీరు పటం మీద ఇటు చూపించి ఎడమ అనేవారు. నా లెక్కలో అది కుడి. సైన్సులో ఎడమంటే ఇటేనేమో అనుకున్నా. చదువుకున్నవాళ్ళతో వాదన ఎందుకని ఊరుకున్నా." చిన్నగా నవ్వాడు. కుట్లు లాగకుండా నవ్వడం అప్పటికి నేర్చుకున్నాడు. "ఉద్యోగంలో చేరేప్పుడు కూడా ఎక్స్-రే తీశారమ్మా. ఆ డాక్టరుగారు ఎవరో ఫిల్ము తిరగేసి పెట్టారని తిట్టుకుని, దాన్ని తిప్పి చూసి సంతకం పెట్టేశాడు."

 "అది సరే బాబాయ్. పిల్లలు ఎడమపక్క పెట్టి వెతుక్కునేవాళ్ళు కదా. గుండె అక్కడ లేదని మీకు తెలుసు. మరి చెప్పలేదేం?"

ఆయన దుప్పటి అంచు సరిచేసుకున్నాడు.

"మొదట్లో చెప్పేవాణ్ణమ్మా. నోటితో కాదు. పాపం అస్సలు వినబడనివాళ్ళ చెయ్యి పట్టుకుని మెల్లగా ఇటు జరిపేవాణ్ణి. వినబడగానే ఆ మొహాలు ఎంత వెలిగిపోయేవో! పుస్తకంలో అలాగే రాసుకునేవాళ్ళు. తర్వాత మీరు కొట్టేసేవారు. ఒకమ్మాయి బీరువా వెనక నిలబడి ఏడవడం చూశాను. నావల్ల పిల్లలకి తిట్లెందుకని జరపడం మానేశాను."

 అక్కణ్ణుంచి నేరుగా స్కూలుకి వెళ్ళాను. ఏటా బాగున్న రికార్డు పుస్తకాలు నాలుగైదు దాచిపెట్టడం నాకు అలవాటు, తర్వాతి పిల్లలకి చూపించడానికి. బీరువా అడుగు అరలో అవన్నీ ఉన్నాయి. దుమ్ములో కింద కూర్చుని ఒక్కొక్కటీ తెరిచాను.

మూడు పుస్తకాల్లో 'కుడివైపు' అన్న మాట దొరికింది. రెండింట్లో పెన్సిల్‌తో రాసి, నేను చూడకముందే వాళ్ళే తుడిచేసుకున్నారు. అచ్చు మాత్రం మిగిలింది. మూడోది పదిహేడేళ్ళ కిందటిది. అట్ట మీద పేరు చెరిగిపోయింది. గుండ్రటి అక్షరాలు. "స్టెతస్కోపు ఎడమవైపు పెట్టినప్పుడు శబ్దం సరిగా వినబడలేదు. కుడివైపు పెట్టినప్పుడు చాలా గట్టిగా వినబడింది. నిమిషానికి డెబ్బై నాలుగుసార్లు." దాని మీద ఆ మూల నుంచి ఈ మూల దాకా నా ఎర్ర గీత. కింద "మళ్ళీ చేయి".

పేజీ తిప్పాను. ఆ పిల్ల మళ్ళీ చేసింది. అవే గుండ్రటి అక్షరాలు. "స్టెతస్కోపు ఎడమవైపు పెట్టినప్పుడు శబ్దం చాలా గట్టిగా వినబడింది." దాని పక్కన నేను టిక్కు పెట్టి, "చాలా బాగుంది" అని రాశాను. ఈ పుస్తకాన్ని ఇన్నేళ్ళు దాచింది ఈ పేజీ కోసమే.

మర్నాడు ఆ పుస్తకం తరగతికి తీసుకెళ్ళాను. రెండు పేజీలూ చదివి వినిపించాను. మొదటి పేజీ కొట్టేసింది నేనేనని, రెండో పేజీలో అబద్ధం రాయించింది కూడా నేనేనని చెప్పాను. అప్పుడే ఆ మొదటి పేజీని నమ్మి ఉంటే, మొన్న పొద్దున్న క్లినిక్‌లో ఎడమపక్క కాబట్టి గ్యాస్ అన్నప్పుడు తన గుండె కుడివైపు ఉందని డాక్టరుకి చెప్పడానికి బాబాయి దగ్గర ఒక మాట ఉండేదని కూడా చెప్పాను.  కిచకిచలాడేవాళ్ళు కూడా బల్లల వైపే చూస్తున్నారు.

'ఎందుకు' లేచి నిలబడింది.

"టీచర్, ఆ అక్క కుడిపక్క విన్నానని రాసింది కదా. బాబాయి అప్పుడు ల్యాబ్‌లోనే ఉన్నాడు కదా. మీరు ఒకసారి పెట్టి చూడకుండా ఎందుకు కొట్టేశారు?"

ఆ పిల్ల మొహంలో ఎత్తిపొడుపు లేదు. నెత్తురు ఎర్రగా ఎందుకుందని అడిగినట్టే అడిగింది. ఇంకోరోజయితే కూర్చో అనేదాన్ని.  ఆ పిల్ల జవాబు కోసం నిలబడే ఉంది. కూర్చోమనలేక, నేనే కూర్చున్నాను.